అయిదు రీళ్లు, ఒక ఏకవచనం

నేను ఒక ఫ్రెంచి సినిమాని. ఈ మాట అనగానే మీలో కొందరు, పక్కన పిల్లలెవరైనా ఉన్నారేమోనని చుట్టూ చూసుకుని ఉంటారు. కంగారు పడకండి. నాలో ఆడవాళ్ళు మెడ దాకా, మగవాళ్ళు మోకాళ్ళు దాటి, నిండుగా బట్టలు కట్టుకునే ఉంటారు. మూడు వందల యాభై ఏళ్ళ కిందటి కథ మరి. అప్పటి దొరసాని ఒక్కర్తె కట్టుకున్న గుడ్డతో ఇప్పుడు ఇల్లంతటికీ కర్టెన్లు కుట్టించుకోవచ్చు.

నేను పుట్టింది పారిస్ పక్కన ఒక లాబరేటరీలో. మందునీళ్ళ తొట్టెల్లో ముంచి, లేపి, కడిగి, వడియాల కన్నా జాగ్రత్తగా ఆరబెట్టి, అయిదు రీళ్లుగా చుట్టి, అయిదు రేకు డబ్బాల్లో పెట్టారు. తెల్లకోటు వేసుకున్న ఒకావిడ నన్ను దీపానికి అడ్డం పట్టి, బియ్యంలో రాళ్ళేరినట్టు బొమ్మ బొమ్మా వెతికింది. ఒక్క మచ్చ దొరకలేదు. ఇప్పుడు ఒకటుంది. అయిదో రీలు చివర, గోధుమరంగులో. నా మీద ఆవగింజంత, తెర మీద గుమ్మడికాయంత. అది పడిన మధ్యాహ్నం గురించి చెప్పాలనే నా తాపత్రయమంతా.

నా కథ నా సొంతం కాదు. నూట యాభై ఏళ్ళ కిందట ఒక ఫ్రెంచాయన రాసిన లావుపాటి నవల అది. ఆ దేశంలో చదువుకున్నవాళ్ళందరూ దాన్ని చదివామంటారు. వాళ్ళలో సగంమంది నన్ను చూసి వచ్చి ఆ మాట అంటారని నాకు గట్టి అనుమానం.

రాజుగారు ఉప్పు మీద పన్ను వేసిన రోజులు. సముద్రపు ఒడ్డున ఉప్పుమడులు, వాటి పక్కన ఒక రాతికోట. అందులో పన్ను అధికారి గాస్పార్, ఆయన భార్య ఎలెన్. పెళ్ళయి పన్నెండేళ్ళు. ఇద్దరి మధ్యా మర్యాద తప్ప మరేమీ లేదు. పన్ను కట్టలేని జాలరివాళ్ళకి ఎలెన్ తన పొడుగు అంగీ అంచుల్లో ఉప్పు కుట్టుకుని దొంగచాటుగా చేరవేస్తూ ఉంటుంది. మూడో రీల్లో, సూపు తాగుతూండగా, ఆ సంగతి భర్త కనిపెడతాడు. ఒక్క మాటా అనడు. ఆ అంగీ తనే కప్పుకుని ఉప్పుమడుల వైపు నడుస్తాడు. నాలుగో రీల్లో సిపాయిలు అంగీని గుర్తుపట్టి కాలుస్తారు. ఆయన పడిపోతాడు, చర్చి గంట మోగుతుంది. ఈ వరుస కాస్త గుర్తుపెట్టుకోండి. ముందు ముందు మీకు ఎదురయ్యే దుబాసీగారు పెట్టుకోలేదు.

ఓడెక్కి పుదుచ్చేరి వచ్చాను. అక్కడ ఫ్రెంచి మిత్రమండలి అని ఒక సంఘం నన్ను చేరదీసింది. ఏడాదికి రెండుసార్లు ఫ్యాన్ల కింద ముసలి పెద్దమనుషులు నన్ను చూసేవారు. మొదటి రీలుకి కళ్ళజోడు తుడుచుకునేవారు, రెండో రీలుకి నిద్రపోయేవారు, అయిదో రీలు అయిపోగానే లేచి అద్భుతం అనేవారు. పదిహేనేళ్ళు వాళ్ళని అలా జోకొట్టాక, 1979 జూలైలో నన్ను యానాం పంపారు.

యానాం గోదావరి పాయ ఒడ్డున ఉన్న చిన్న ఊరు. చుట్టూ ఆంధ్రదేశం, పేరుకి మాత్రం పుదుచ్చేరి. అప్పటికి పాతికేళ్ళ కిందటి దాకా ఫ్రెంచివాళ్ళు ఏలారు. వెళ్తూ వెళ్తూ కొన్ని పింఛన్లూ, కొన్ని మాటలూ, జూలై పద్నాలుగున చేసుకునే వాళ్ళ జాతీయ పండగా వదిలి వెళ్ళారు. తర్వాత మిత్రమండలి అక్కడ ఒక ఫ్రెంచి తరగతి పెట్టింది. పింఛన్లు నిక్షేపంగా ఉన్నాయి. తరగతికి మాత్రం రెండేళ్ళుగా టీచరు లేరు. నెలాఖరులోగా ఒక టీచరు పేరూ, పదిమంది విద్యార్థుల పేర్లూ రాసి పంపకపోతే మూసేస్తామని మిత్రమండలి ఉత్తరం రాసింది. పండగనాడు సినిమా వెయ్యండి, జనానికి ఉత్సాహం వస్తుంది, అక్కడికక్కడే పేర్లు రాయించుకోండి అని సలహా చెప్పి, ఆ ఉత్తరంతో పాటు నన్నూ పంపింది. నా మీద తెలుగు అక్షరం ఒక్కటి కూడా లేదన్న సంగతి వాళ్ళకి తట్టలేదు.

నన్ను దింపింది దుబాసీ గోవర్ధనంగారింట్లో, పడకకుర్చీ పక్కన బల్ల కింద. దుబాసీ అంటే రెండు భాషలు తెలిసినవాడు, దొరల మాట జనానికీ జనం మాట దొరలకీ చెప్పేవాడు. గోవర్ధనంగారి ముత్తాత అలాంటివాడట. గోవర్ధనంగారికి ఆయన దగ్గర్నుంచి ఇంటిపేరు వచ్చింది, పడకకుర్చీ వచ్చింది, భాష రాలేదు. తండ్రి చిన్నప్పుడే పోతే, మేనమామ దగ్గర పిఠాపురంలో పెరిగి ఇంగ్లీషు బళ్ళో చదువుకున్నారు పాపం. ఆయనకి తెలిసిన ఫ్రెంచి అంతా కలిపి అగ్గిపెట్టె వెనక రాయొచ్చు. అయినా ఊళ్ళో ఫ్రెంచి సంఘానికి కార్యదర్శి ఆయనే. ఇంటిపేరు అలాంటిది.

ఆయన భార్య మాణిక్యాంబ. ఫ్రెంచివాళ్ళ బళ్ళో బ్రెవే పరీక్ష ప్యాసైన మనిషి. నా నవల కూడా ఆ రోజుల్లోనే చదివేసింది. ఆ సర్టిఫికెట్టు పట్టుచీరల మడతల్లో, ట్రంకుపెట్టె అడుగున ఉండేది. ఊళ్ళోవాళ్ళు పింఛను కాగితాలు తెచ్చి దుబాసీగారికిచ్చేవారు. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, "ఊఁ... ఊఁ..." అని, "ఉంచి వెళ్ళండి, తీరుబడిగా చూస్తాను," అనేవారు. కాగితం వంటింట్లోకి వెళ్ళేది. మాణిక్యాంబ పులుసు కలుపుతూ చదివి చెప్పేది.

"నేననుకున్నదీ అదే," అనేవారు దుబాసీగారు. "సరిపోయిందా లేదా అని నీ చేత చదివించాను."

"సరిపోతుందండి. మీరనుకున్నది ఎప్పుడూ సరిపోతుంది," అనేది మాణిక్యాంబ, పులుసు రుచి చూసుకుంటూ.

ఆ ఇంట్లో ఫ్రెంచి పైకి వినిపించేది రోజుకి ఒక్కసారే. మధ్యాహ్నం పన్నెండున్నరకి మాణిక్యాంబ వంటింటి గడపలో నిలబడి, "తు వియాఁ మాఁజే?" అని పిలిచేది. పెళ్ళయిన కొత్తలో ఆ పిలుపు అలవాటు చేసిందట. అర్థమేమిటని ఆయన అడిగితే, "భోజనానికి దయచేయండి అని," అంది. ఆ పిలుపంటే దుబాసీగారికి ప్రాణం. సరిగ్గా ఆ వేళకి నలుగురు స్నేహితుల్ని అరుగు మీద కూర్చోబెట్టుకునేవారు. "చూశారా, మా ఇంట్లో అన్నం కూడా ఫ్రెంచిలోనే," అని లేచేవారు. ఇరవై నాలుగేళ్ళు. బల్ల కింద నేను మొదటిసారి ఆ పిలుపు విన్నప్పుడు, నాకు గాని నోరుంటే గట్టిగా నవ్వేదాన్ని. ఎందుకో కాసేపాగి మీకూ తెలుస్తుంది.

నేను వచ్చిన రోజునే అసలు సంగతీ తెలిసింది. డబ్బాలు మోసుకొచ్చిన లాజరు గుమ్మంలోనే అడిగాడు. లాజరు యాభై ఏళ్ళ మనిషి, ఒకప్పుడు తాళ్ళరేవు డేరా సినిమాలో ప్రొజెక్టరు తిప్పినవాడు.

"దుబాసీగారండీ, టీచరు టీచరని ఊరంతా వెతుకుతున్నారు, అమ్మగారికి బ్రెవే ఉంది గదండీ? ఆవిడ పేరు రాసేస్తే పోలేదాండీ?"

"ఆవిడకి ఇంటిపని సరిపోదుటయ్యా," అన్నారు దుబాసీగారు.

"అవును లాజరూ," అంది మాణిక్యాంబ లోపల్నుంచి. "ఉత్తరాల మీద దుమ్ము దులపడమే సరిపోతోంది."

ఆవిడ దరఖాస్తు ఎప్పుడో రాసింది. వేసవి సెలవుల ముందు రాసిన ఆ కాగితం, కార్యదర్శి సంతకం కోసం, నా పైనున్న బల్ల మీద అద్దుడు కాగితాల పుస్తకం కింద పడి ఉంది. రోజూ బల్ల తుడిచేటప్పుడు ఆవిడ ఆ పుస్తకం ఎత్తి, కింద తుడిచి, కాగితాన్ని మళ్ళీ అలాగే పెట్టేది. ఒక్కసారి కూడా అడగలేదు. ఆయన ఒక్కసారి కూడా చెప్పలేదు. ఆవిడ తరగతిలో నిలబడిన మర్నాడు ఊళ్ళో కాగితాలన్నీ తిన్నగా ఆవిడ దగ్గరికే వెళ్తాయి. అప్పుడు పడకకుర్చీలో కూర్చునే మనిషి ఎవరు? ఆయన భయం అది. ఆవిడకి తెలుసు. ఇంకో మూడు వారాల్లో నెల అయిపోతుందనీ తెలుసు.

పండగ రోజు వచ్చింది. సంఘం హాల్లో మధ్యాహ్నం మూడింటికి ఆట. కిటికీలకి పడవల మీద కప్పే నల్లటి గుడ్డలు కట్టారు. గోదావరి గాలికి అవి ఎగిరినప్పుడల్లా నా మీద ఎండ పడి, పదిహేడో శతాబ్దపు దొరలందరూ తెల్లబోయేవారు. బయట బోర్డు మీద 'ఉప్పుకోట దొరసాని' అని రాశారు. దుబాసీగారు పెట్టిన పేరు. తెర పక్కన చిన్న బల్ల, దాని మీద మైకు, పేర్లు రాసుకునే నోటుపుస్తకం. మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు. ముందు వరసలో లూయీజమ్మ. ఆవిడ భర్త ఫ్రెంచి సైన్యంలో చేసి సైగాన్‌లో పోయాడు. ఆవిడ పింఛను కాగితాల మీద పులుసు మరకలు ఎలా పడుతున్నాయో ఆవిడకి ఇప్పటికీ తెలియదు.

ఆట మొదలుకాక ముందు లాజరు డబ్బాలు పట్టుకుని దుబాసీగారి దగ్గరికి వచ్చాడు. "ఏ డబ్బా ముందో కాస్త చెప్పండి. నంబర్లు అంకెల్లో వెయ్యలేదు, అక్షరాల్లో రాశారు."

ఒకటి, రెండు, అయిదు ఎలాగో తేలాయి. మిగిలినవి రెండు. ఒకదాని మీద TROIS అని ఉంది, ఒకదాని మీద QUATRE అని ఉంది. ఫ్రెంచిలో మూడుని త్రువా అంటారని దుబాసీగారికి నోటికి తెలుసు. కంటికి తెలియదు. మొదటి డబ్బాని పిఠాపురం బడి పద్ధతిలో చదివారు. "ట్రోయిస్. ఇందులో 'వా' ఎక్కడుందీ? లేదు." రెండోదాన్ని చదివారు. "క్వాట్రే. ఇదిగో 'వా' ఉంది, 'ట్ర' ఉంది. కాస్త అటూ ఇటూ అయ్యాయంతే. ఫ్రెంచివాళ్ళు అన్నీ తిరగేసి రాస్తారు. ఇదే త్రువా!"

ఆ విధంగా నా నాలుగో రీలు మూడోదయింది. ఆడవాళ్ళ వరసలో కూర్చున్న మాణిక్యాంబకి ఈ మాటలు వినపడలేదు. వినపడి ఉంటే నాకు మచ్చ పడేది కాదు, మీకు ఈ కథా ఉండేది కాదు.

మొదటి రెండు రీళ్లకీ దుబాసీగారు అదరగొట్టారు. ఒప్పుకోవాలి. మాట అర్థం కాకపోయినా మనిషి జంకలేదు. తెర మీద ఎలెన్, "కిటికీ వెయ్యండి, చలిగా ఉంది," అంది. దుబాసీగారు మైకులో, "నాథా! ఈ కోటలో నాకు ఊపిరాడటం లేదు, ఆ కిటికీ తెరవండి!" అన్నారు. గాస్పార్ వెళ్ళి కిటికీ మూశాడు. "దుర్మార్గుడు!" అన్నారు దుబాసీగారు వెంటనే. హాలంతా గాస్పార్‌ని తిట్టింది. ఆడవాళ్ళ వరసలో ఒకావిడ పమిటచెంగు నోట్లో కుక్కుకుంది. ఎవరో నేను చెప్పక్కర్లేదు.

మూడో రీలనుకుని లాజరు నాలుగోది ఎక్కించాడు. తూటా పేలింది. గాస్పార్ ఉప్పుమడిలో పడ్డాడు, గంట మోగింది, టోపీలు తీశారు. "పోయాడు," అన్నారు దుబాసీగారు గొంతు వణికిస్తూ. "పశ్చాత్తాపంతో పోయాడు." లూయీజమ్మ ముక్కు చీదుకుంది.

ఆ తర్వాత సూపు రీలు వచ్చింది. గాస్పార్ నిబ్బరంగా కుర్చీలో కూర్చుని, చెంచాతో సూపు తాగడం మొదలుపెట్టాడు.

వెనక నుంచి ఎవరో లేచారు. "దుబాసీగారండీ, పోయినాయన భోంచేత్తున్నాడేటండీ?"

"ఆయన కాదయ్యా!" అన్నారు దుబాసీగారు. "తమ్ముడు. కవలలు."

"ఆయ్," అని కూర్చున్నాడు అడిగినవాడు. అంతలో ఎలెన్ వచ్చి ఎదురు కుర్చీలో కూర్చుంది. గాస్పార్ ఆవిడ అంగీ చేతిలోకి తీసుకుని, అంచు తడిమి, లోపలి ఉప్పు తెలిసి, చాలాసేపు ఆవిడ మొహంలోకి చూశాడు. నా మొత్తం మీద ఇంత మంచి ఘట్టం మరొకటి లేదు. పారిస్‌లో జనం దీనికి చప్పుడు లేకుండా ఏడ్చారు.

"ఓలమ్మో!" అంది లూయీజమ్మ. "మొగుడు పోయి మూడ్రోజులు కాలేదు, మరిదికి ఎదురుగా కూచుని సూపు తాగుతావుంటే! ఆడు సూడు, వదిన దుప్పటి పట్టుకుని ఎలా సూత్తున్నాడో! ఛీ!"

"ఇదా పిల్లలకి నేర్పే భాష?" అన్నాడు ఇంకొకాయన. కుర్చీలు కిర్రుమన్నాయి. వెనక వరస లేవడం మొదలైంది. బల్ల మీద నోటుపుస్తకం తెల్లగా, ఖాళీగా ఉంది. దుబాసీగారు నోరు తెరిచారు. ఇంకో తమ్ముడు లేడు. దగ్గారు. ఇంకోసారి దగ్గారు. ఆ దగ్గు మైకులో పడి హాలంతా మోగింది.

మాణిక్యాంబ లేచి, కూజాలో నీళ్ళు వంచుకుని, ఆడవాళ్ళ వరస దాటి తెర పక్కకి నడిచింది. ఆయన గ్లాసు అందుకుని గటగటా తాగేశారు. ఆవిడ గ్లాసు వెనక్కి తీసుకోలేదు. మైకు తీసుకుంది.

"దుబాసీగారి గొంతు పట్టేసింది," అంది. "వారి అనుమతితో మిగతాది నేను చెబుతాను." అనుమతి కోసం ఆగలేదు. "ముందు ఒక మాట. మిత్రమండలి వాళ్ళు డబ్బాల మీద మూడూ నాలుగూ తారుమారు చేసి పంపారు. ఆయన పోలేదు. ముందు సూపు తాగాడు, ఆ తర్వాత తూటా తగిలింది. తమ్ముడెవరూ లేడు. ఆవిడ ఎదురుగా కూర్చున్నది కట్టుకున్న మొగుడే."

"హమ్మయ్య!" అంది లూయీజమ్మ. "పిల్ల మంచిదేనన్నమాట."

నా డబ్బాల మీద నంబర్లు నిఖార్సుగా ఉన్నాయని ఆవిడకి తెలుసు, నాకు తెలుసు. ఒక పెద్దమనిషి పరువు కోసం ఆ నింద నా మీద పడింది. పడనిచ్చాను. అయిదు రీళ్లు మోస్తున్నదాన్ని, అదొక్కటీ మోయలేనా?

ఆ తర్వాత హాలు మారిపోయింది. మాణిక్యాంబ గొంతు పెంచలేదు, 'నాథా' అనలేదు. తెర మీద వాళ్ళు ఎంత మాట అంటే అంతే, పక్కింటివాళ్ళ సంగతి చెప్పినట్టు చెప్పింది. ఆ అంగీలో ఏముందో, ఆయన ఎందుకు కప్పుకున్నాడో చెప్పింది. ఉప్పుమడులూ, పన్నులూ, జాలరి పడవలూ యానాంకి కొత్తేమీ కాదు. లేచినవాళ్ళు కూర్చున్నారు. దుబాసీగారు గ్లాసు పట్టుకుని అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయారు. కథేమిటో ఆయన కూడా మొదటిసారి వింటున్నారు.

అయిదో రీలు వచ్చింది. గాస్పార్ బతికాడు గాని, దొంగ ఉప్పు నేరం తన మీద వేసుకున్నాడు. ఏడేళ్ళు ద్వీపాంతరం. ఓడ రేవులో నిలబడి ఉంది. సిపాయిల మధ్య ఆయన నడుస్తున్నాడు. ఎలెన్ గుంపుని తోసుకుని ఎదురుగా వచ్చింది. మామూలు సినిమాలో అయితే ఇక్కడ వాటేసుకుంటారు. నాలో వాటేసుకోరు. ఆవిడ ఒక్క మాట అంటుంది. "తు రెవ్యాఁద్రా."

మాణిక్యాంబ నోరు తెరిచింది. మళ్ళీ మూసింది.

"ఆపండి!" అంది ఉన్నట్టుండి. "లాజరూ, ఒక్క క్షణం ఆపు!"

లాజరు ఆపేశాడు. నాలాంటిదాన్ని దీపం ముందు ఆపకూడదు. కదిలినంతసేపే నాకు ప్రాణం. ఆగితే పెనం మీద అట్టులాగా మాడతాను. తెర మీద ఎలెన్ పెదవులు సగం విచ్చుకుని నిలిచిపోయాయి.

"వినండి," అంది మాణిక్యాంబ గబగబా. "ఈ ముక్క తిన్నగా చెబితే మీకు తప్పుగా వినిపిస్తుంది. ఫ్రెంచిలో వూ అంటే మీరు. పన్నెండేళ్ళుగా వీళ్ళిద్దరూ ఒకరినొకరు వూ అనే అనుకున్నారు. మొదటి రీలు నుంచి చూడండి, మీరు, మీరు, మీరు. అంతా పరాయివాళ్ళ మర్యాద. ఇప్పుడు మొట్టమొదటిసారి ఆవిడ ఆయన్ని తు అంది. తు అంటే నువ్వు."

"మొగుణ్ణి నువ్వందా!" అంది లూయీజమ్మ. "నలుగురిలోనా? జైలుకి పోతున్నాడని లోకువా?"

"దేవుణ్ణి ఏమని పిలుస్తావు పిన్నీ?"

"ఏమంటాను? నువ్వే దిక్కు తండ్రీ అంటాను."

"మరి అమ్మని?"

లూయీజమ్మ పమిట సర్దుకుని తెర వైపు తిరిగింది.

"వాళ్ళని మీరు అంటే ఎంత దూరంగా ఉంటుందో ఆలోచించు. ఇదీ అదే. ఇన్నేళ్ళూ ఆయన ఇంటి యజమాని. ఇవాళ ఆవిడవాడు. అందుకని ఏకవచనం."

స్టూలు మీద దుబాసీగారి పెదవులు మెల్లగా కదలడం నేను తెర మీద నుంచే చూశాను. తు... వియాఁ... మాఁజే. ఒక్కొక్క మాటా విప్పుకుంటున్నారు. అరుగు స్నేహితులు నలుగురూ మూడో వరసలోనే ఉన్నారు. వాళ్ళ తలకాయలు నాలుగూ ఒక్కసారి దుబాసీగారి వైపు తిరిగాయి.

"ఏవండీ దుబాసీగారూ," అన్నాడు వాళ్ళలో ఒకాయన, "తమరింట్లో పన్నెండున్నరకి వినపడేది..."

"సినిమా చూడవయ్యా!" అన్నారు దుబాసీగారు.

మాణిక్యాంబ ఆ మాట విని వెనక్కి తిరిగింది. అప్పుడు తెలిసింది ఆవిడకి, ఊరంతటికీ పాఠం చెబుతూ తన గుట్టు తనే విప్పేసుకున్నానని. ఇరవై నాలుగేళ్ళు వంటింటి గడపలో భద్రంగా దాచుకున్న అల్లరి అది. ఆవిడ మొహం చూస్తే, అప్పటికప్పుడు భూమిలోకి పోవాలా నవ్వాలా తేల్చుకోలేకపోతున్నట్టుంది.

"అమ్మా, కాలిపోతందండీ!" అని అరిచాడు లాజరు.

నేను మళ్ళీ కదిలాను. ఎలెన్ చెంప పక్కన ఒక గోధుమరంగు బుడగ లేచి, మరుక్షణం దాటిపోయింది. మాణిక్యాంబ మైకు రెండు చేతులా పట్టుకుని, ఎలెన్‌కి బదులుగా, ఎవరి వైపూ చూడకుండా అంది.

"నువ్వు తిరిగి వస్తావు."

ఎవరూ ఛీ అనలేదు. కిటికీ గుడ్డ ఎగిరి ఎండ పడితే, వెనక వరస మనిషొకడు లేచి వెళ్ళి దాన్ని చేత్తో పట్టుకుని, ఆట అయ్యేదాకా అక్కడే నిలబడ్డాడు.

ఆట అయ్యాక పేర్లు రాయించుకున్నారు. తొమ్మిది వచ్చాయి. లూయీజమ్మ మనవరాలి పేరు మొదటిది. పదో గీత ఖాళీ. టీచరు పేరుండాల్సిన చోటూ ఖాళీ. దుబాసీగారు నోటుపుస్తకం చంకలో పెట్టుకుని ఇంటిదారి పట్టారు. వెనక మాణిక్యాంబ. ఆ వెనక రిక్షాలో నేను. దారంతా ముగ్గురం మౌనమే. నాకైతే అలవాటే అనుకోండి.

మర్నాడు పడకకుర్చీ పక్కన బల్ల కింద నుంచి చూస్తున్నాను. పన్నెండయింది. పన్నెండుంబావు అయింది. అరుగు మీద స్నేహితులు నలుగురూ రోజూకన్నా ముందే వచ్చి, రాజకీయాలు మాట్లాడుతున్నట్టు నటిస్తున్నారు. దుబాసీగారు పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. పన్నెండున్నర కొట్టింది. మాణిక్యాంబ గడపలోకి వచ్చింది. చేతులు తుడుచుకుంది. మళ్ళీ తుడుచుకుంది.

"భోజనానికి రండి," అంది, నిఖార్సయిన తెలుగులో.

పేపరు కదల్లేదు.

"ఏవండీ, వడ్డించేశాను. చల్లారిపోతుంది."

పేజీ తిప్పిన చప్పుడు. అరుగు మీద రాజకీయాలు ఆగిపోయాయి. ఆవిడ గడప పట్టుకుని నిలబడింది. నేనెరిగున్న మౌనాలన్నిట్లోకీ పొడుగైనది అదే. నా రీళ్లలో ఏ దర్శకుడూ అంతసేపు పెట్టడానికి ధైర్యం చెయ్యలేదు.

పేపరు వెనక నుంచి మాట వచ్చింది. "రోజూ పిలిచేట్టు పిలిస్తే వస్తాను."

మాణిక్యాంబకి గొంతు సర్దుకోవడానికి రెండు దగ్గులు పట్టాయి.

"తు వియాఁ మాఁజే?"

"వస్తున్నా," అన్నారు దుబాసీగారు. పేపరు మడిచారు. లేచి, అరుగు వైపు తిరిగి, "ఏం చూస్తున్నారయ్యా? మా ఇంట్లో అన్నం ఫ్రెంచిలోనే. మీ ఇళ్ళకి పోయి తెలుగులో తినండి," అన్నారు.

భోజనం చేసి వచ్చి, అద్దుడు కాగితాల పుస్తకం ఎత్తి, కింద ఉన్న దరఖాస్తు తీశారు. మూడు నెలలు ఒకేచోట ఉండి కాగితం పల్చగా పచ్చబడింది. సంతకం చేశారు. తర్వాత నోటుపుస్తకం తెరిచి, టీచరు చోట ఆవిడ పేరు రాశారు. పదో గీత దగ్గర కలం ఆగింది. కాసేపు పైకప్పు చూశారు. ఆ తర్వాత గబగబా ఏదో రాసి, తడి ఆరకముందే మూసేశారు. పైకి చెప్పలేదు. నేను బల్ల కింద ఉన్నాను గనుక నాకూ కనపడలేదు.

ఆగస్టు మొదటివారంలో తరగతి మొదలైంది. మిత్రమండలి నన్ను వెనక్కి అడగలేదు. పాఠాలకి పనికొస్తుంది, ఉంచుకోండి అని రాసింది. అలా తరగతి గదిలో గాజు తలుపుల బీరువా నా ఇల్లయింది. మొదటిరోజు మాణిక్యాంబ హాజరు పిలిచింది. తొమ్మిది పేర్లకి తొమ్మిది పిల్లగొంతులు పలికాయి. పదో పేరు దగ్గర ఆవిడ ఆగిపోయింది. రిజిస్టరు కళ్ళకి దగ్గరగా తెచ్చుకుంది.

"దుబాసీ గోవర్ధనం," అంది.

వెనక బెంచీ మీద, మోకాళ్ళు బల్లకి తగులుతూ, దుబాసీగారు లేచి నిలబడ్డారు. పిల్లలు కిసుక్కుమన్నారు.

"మొదటి పాఠం," అంది మాణిక్యాంబ, బోర్డు వైపు తిరిగి. కాస్త ఎక్కువసేపే తిరిగి ఉంది. "టీచరు విద్యార్థిని తు అంటుంది. విద్యార్థి టీచర్ని వూ అనాలి. అర్థమైందా?"

"అయింది, మాస్టారూ," అన్నారు దుబాసీగారు. "ఇన్నాళ్ళూ ఇంట్లో జరిగింది ట్యూషనన్నమాట."

ఆ తర్వాత ఏళ్ళు గడిచాయి. ఏటా జూలై పద్నాలుగుకి నన్ను వేసేవారు. డబ్బాల మీద మూడూ నాలుగూ అంకెలు తెలుగువాళ్ళకి తెలిసేలా లాజరు ఎర్రరంగుతో రాశాడు. దుబాసీగారు మొదటి పరీక్ష మూడోసారికి ప్యాసయ్యారు. పింఛను కాగితాలు వస్తే, "టీచరుగారిని అడగండి, నేను ఇంకా రెండో సంవత్సరమే," అని దర్జాగా చెప్పేవారు. పడకకుర్చీలో మాత్రం ఆయనే కూర్చున్నారు. ఆవిడకి దాని మీద ఎప్పుడూ ఆశ లేదు, నడుం నొప్పి చేస్తుందట.

నాకూ వయసు మీద పడింది. ఒళ్ళంతా పులిసిన వాసన. డబ్బా మూత తీస్తే పిల్లలు ముక్కులు మూసుకుంటారు. ఇక ప్రొజెక్టరు మీద నడవలేను, విరిగిపోతాను. మొన్నీమధ్య చెన్నై నుంచి ఇద్దరు వచ్చి, ఒక యంత్రంలో నన్ను బొమ్మ బొమ్మగా చదివి, గోరంత బిళ్ళలోకి ఎక్కించారు. ఇప్పుడు ఏ పిల్లకి కావాలంటే ఆ పిల్ల సెల్‌ఫోన్‌లో నన్ను చూడొచ్చు. తరగతిలో ముప్ఫై ఒక్కమంది ఉన్నారు. లూయీజమ్మ మునిమనవరాలు వాళ్ళకి పాఠం చెబుతోంది.

చెన్నై మనిషి అయిదో రీలు చివర ఆగి, "ఇక్కడ కాలిన మచ్చ ఉందమ్మా. కంప్యూటర్లో తీసేస్తాను, అసలు తెలియదు," అన్నాడు.

మాణిక్యాంబకి ఎనభై దాటాయి. పక్కన దుబాసీగారికి చెవిలో యంత్రం. ఆయనకి మాట సగమే వినపడింది గాని, తెర మీద ఏ బొమ్మ ఆగి ఉందో కనపడింది.

"దాన్ని ముట్టుకోకయ్యా," అన్నారు. "అది మచ్చ కాదు, ఏకవచనం."

చెన్నై మనిషికి అర్థం కాలేదు. అలాగేనండీ అని పక్కకి తప్పుకున్నాడు. గోడ గడియారంలో పన్నెండున్నర కావస్తోంది. మాణిక్యాంబ చేతికర్ర అందుకుని లేచి, దుబాసీగారి చెవి యంత్రం దగ్గరికి వంగి, మెల్లగా ఏదో అడిగింది. యంత్రంలో ఉన్నాను గనుక ఆ హోరులో నాకు మాట వినపడలేదు. ఆయన మాత్రం రెండు చేతులూ బల్ల మీద ఆనించి, క్లాసులో నిలబడినట్టు నిటారుగా లేచారు.